పక్కింటాయన వదిలి వెళ్లిన 340 క్యాసెట్లు: ఏం చేయమంటారు?

కొల్లిపర అమ్మాయి:

నమస్కారం అండీ. పాత క్యాసెట్ల సంగతి తెలిసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త దారి చూపించండి. కథ కొంచెం పొడుగు, ఓపిక పట్టాలి.

మేముండేది న్యూజెర్సీలో, ఎడిసన్ దగ్గర. మా పక్కింట్లో ఒక పెద్దాయన ఒక్కరే ఉండేవారు. డెబ్బై దాటాయి. పోస్టల్ డిపార్ట్‌మెంటులో చేసి రిటైరయ్యారు. జుట్టు వెనక్కి పిలకలా కట్టుకుని, గడ్డ కట్టే చలిలో కూడా నిక్కరు మీదే మంచు ఎత్తిపోసేవారు. మా వాకిలి కూడా ఆయనే శుభ్రం చేసేవారు, వద్దంటే వినేవారు కాదు. పులిహోర చేసినప్పుడల్లా ఒక డబ్బా పంపేదాన్ని. ఆ డబ్బా ఒక్కసారి కూడా ఖాళీగా తిరిగి రాలేదు. మన ఊళ్లో పద్ధతి ఆయనకెవరు నేర్పారో మరి, రెండు టమాటాలో నాలుగు పచ్చిమిరపకాయలో వేసి ఇచ్చేవారు. జనవరిలో పోయారు.

కూతురొచ్చి ఇల్లు ఖాళీ చేసింది. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వస్తూ చూస్తే చెత్తబండి కోసం రోడ్డు పక్కన మూడు అరటిపళ్ల అట్టపెట్టెలు. వాన వచ్చేలా ఉంది. మూత ఎత్తితే అన్నీ క్యాసెట్లే. ఆ అమ్మాయిని అడిగితే, "చిన్నప్పుడంతా కారులో ఇవే వినిపించి చంపేవాడు మా నాన్న, కావాలంటే తీసుకో" అంది. నవ్వుతూనే అంది గానీ కళ్లు తుడుచుకుంది. సరేనని తెచ్చేశాను. మా బేస్‌మెంట్‌లో అప్పటికే వ్రతాలకీ పేరంటాలకీ వచ్చిన స్టీలు గిన్నెలతో అడుగు పెట్టే చోటు లేదు. మా ఆయన మొహం ఎలా పెట్టారో మీరే ఊహించుకోండి.

లెక్కపెట్టాను, 340. దాదాపు అన్నీ మాక్సెల్ కంపెనీ ఎక్స్‌ఎల్ 2, 90 నిమిషాలవి. షాపులో కొన్న ఆల్బమ్ ఒక్కటి లేదు. ప్రతి డబ్బాలో అట్టముక్క మీద ఆకుపచ్చ ఇంకుతో చీమల బారులాంటి రాత: తేదీ, ఊరు, కింద పాటల పేర్లు. అన్నీ ఒకే రాక్ బ్యాండ్‌వి, గ్రేట్‌ఫుల్ డెడ్. నాకు తెలిసిన సంగీతం ఘంటసాల గారు, ఆదివారం పొద్దున్న పెట్టుకునే వయొలిన్ కచేరీలు, అంతే. గరాజ్ సేల్‌లో 15 డాలర్లకు ఒక డెక్ (క్యాసెట్ ప్లేయర్) కొని, చేతికొచ్చిన క్యాసెట్ వేశాను. ముందు జనం గోల, ఎవరిదో దగ్గు, ఒక సీసా కిందపడి దొర్లిన చప్పుడు. ఆ తర్వాత గిటారు మొదలైంది. పాట అయిపోతుందేమోనని చూస్తూ పప్పుకి పోపు పెట్టుకున్నా, అన్నం వార్చుకున్నా, ఇంకా అదే పాట నడుస్తోంది. అయినా ఎందుకో ఆపబుద్ధి కాలేదు.

అర్థం కానివి ఇవి. పాటల పేర్ల మధ్య కొన్నిచోట్ల కామా, కొన్నిచోట్ల బాణం గుర్తు. కుడి మూల ఒక్కోదాని మీద ఎస్‌బిడి అనో ఎయుడి అనో ఉంది, పక్కన 1, 2, 4 అని అంకె. కొన్నింటి మీద అంకె లేదు, ఎర్ర నక్షత్రం ఉంది.

ఆన్‌లైన్‌లో ఫోటో పెడితే ఒకాయన మొత్తం 400 డాలర్లకు తీసుకుంటానన్నాడు. ఇచ్చేసెయ్ అంటున్నారు మావారు. వీటికి విలువ ఉందా? కంప్యూటర్లోకి ఎక్కించాలంటే ఎలా? నాకు ఉద్యోగం ఉంది, ఇద్దరు పిల్లలున్నారు, అది కూడా గుర్తుపెట్టుకుని చెప్పండి.


కోఠి డెక్ డాక్టర్:

మేడమ్, ముందు ఆ 15 డాలర్ల డెక్‌లో ఇంకో క్యాసెట్ వేయకండి. ఆటో రివర్స్ (క్యాసెట్ తీయకుండానే రెండోవైపు ఆడేది) అయితే అసలే వద్దు. అలాంటి చాలావాటిలో టేపుని చదివే హెడ్ అటూ ఇటూ తిరుగుతుంది కాబట్టి టేపుకి సరిగ్గా నిటారుగా కూర్చోదు, పైస్థాయి శబ్దాలన్నీ మొద్దుబారిపోతాయి. ఒకవైపే ఆడే మంచి డెక్, బెల్టులు కొత్తగా మార్చింది, ఎవరి దగ్గరైనా అరువు తెచ్చుకున్నా సరే.

నేను కోఠి గుజరాతీ గల్లీలో రిపేరు పని నేర్చుకున్నవాణ్ని. రాక్ గీక్ నాకు తెల్వదు కానీ, మా నాయన పద్యనాటకాల క్యాసెట్లు రెండొందల దాకా ఎక్కించిన. హరిశ్చంద్ర కాటిసీనే పదకొండు మంది గొంతుల్లో ఉన్నది. ఏ సంగీతమైనా టేపుకి వచ్చే రోగాలు అవే.

క్యాసెట్ తెరిచిన చోట మధ్యలో చిన్న స్పంజి ముక్క ఉంటది, రాగి పట్టీ మీద అతికించి. ముప్పై ఏళ్లకు జిగురు ఎండి ఊడిపోతది. అది లేకుండా ఆడిస్తే శబ్దం వచ్చి పోయి, వచ్చి పోయి ఉంటది. మాక్సెల్‌కు స్క్రూలుంటాయి కాబట్టి విప్పి ఇంకో మంచి డబ్బాలోకి టేపు మార్చుకోవచ్చు. ఆడించే ముందు ఒకసారి ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి, మళ్లీ వెనక్కి తిప్పండి, చుట్టలు వదులవుతాయి. హెడ్‌ని, రబ్బరు చక్రాన్ని ప్రతి నాలుగైదు క్యాసెట్లకు ఒకసారి తుడవాలె. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తోటి, దూదిపుల్లకు. సెంటు, స్పిరిటు, నీళ్లు ఏదీ వద్దు.

హెడ్ పక్కన చిన్న స్క్రూ ఉంటది. పాట ఆడుతుంటే దాన్ని వెంట్రుకవాసి తిప్పి చూడండి. తాళం చప్పుడు, జనం చప్పట్లు ఎక్కడ స్పష్టంగా వినబడతాయో అక్కడ ఆపాలె. క్యాసెట్ క్యాసెట్‌కూ మారుతది. ఈ ఒక్క పని చేయక మస్తు మంది టేపు పాడైందనుకుంటరు.


తెనాలి బాబాయ్:

కొల్లిపర అంటే మా పక్కే కదమ్మా. నువ్వు అంటున్నానని ఏమీ అనుకోకు, మా చెల్లెలి కూతురంత ఉంటావు. ముందు ఆ 400 డాలర్లాయనకి ఈ రాత్రికే వద్దని చెప్పెయ్. కారణం తర్వాత.

మీ పక్కింటాయన టేపర్. అంటే మైకులూ రికార్డరూ మోసుకెళ్లి కచేరీని టేపు చేసే మనిషి. గ్రేట్‌ఫుల్ డెడ్ వాళ్లు 1965లో మొదలుపెట్టి, 1995 ఆగస్టులో గిటారు వాయించి పాడే జెర్రీ గార్షియా పోయేదాకా 2,300 పైచిలుకు కచేరీలు చేశారు. ఏ రెండు రాత్రులూ అవే పాటలు అదే వరసలో ఉండవు. ఇవాళ ఏడు నిమిషాల్లో తేల్చిన పాట రేపు ఇరవై దాటుతుంది. నిన్న బాలమురళి గారి తోడి విన్నాం కదా అని ఇవాళ కచేరీ మానేస్తామా? అదే పిచ్చి. నువ్వు చూసిన బాణం గుర్తు ఏమిటంటే, ఒక పాట ఆపకుండా దాంట్లోంచే ఇంకో పాటలోకి జారిపోవడం. కామా ఉంటే ఆపారు, చప్పట్లయ్యాయి, తర్వాతది ఎత్తుకున్నారు అని.

ఎయుడి అంటే ఆడియన్స్, జనం మధ్య మైకు పెట్టి తీసింది. ఎస్‌బిడి అంటే సౌండ్‌బోర్డ్, మిక్సింగ్ బల్ల నుంచి నేరుగా వైరు లాగింది. పక్కన అంకె తరం. 1 ఉంటే మాస్టర్ (అసలు టేపు) నుంచి చేసిన మొదటి కాపీ, 4 ఉంటే నాలుగు చేతులు మారింది. క్యాసెట్ కాపీ అంటే పాలల్లో నీళ్లు కలపడమే, చెయ్యి మారినప్పుడల్లా బుస్సుమనే రొద పెరుగుతుంది. ఇక ఎర్ర నక్షత్రం. అంకె లేదన్నావు కదా, నా లెక్క ప్రకారం అవి ఆయన సొంతంగా తీసిన మాస్టర్లు. ఊళ్లు చూడు. మాడిసన్ స్క్వేర్ గార్డెన్, జెయింట్స్ స్టేడియం, నాసావు కొలీజియం, ఫిలడెల్ఫియా స్పెక్ట్రమ్, ఇలా ఎడిసన్ నుంచి కారేసుకుని పోయి రాగలిగిన చోట్లయితే ఇంక అనుమానం అక్కర్లేదు. అట్ట వెనకాల మైకు పేరు, రికార్డరు పేరు రాసి ఉండొచ్చు. డబ్బాలో టికెట్టు ముక్క మడిచి పెట్టాడేమో కూడా చూడు.

ఇప్పుడు మొహమాటం లేకుండా ఒక మాట. 340 క్యాసెట్లూ ఎక్కించకు. ఒక్కోటి గంటన్నర, ఎంత పెద్ద కంప్యూటరున్నా గంటన్నరే పడుతుంది. రోజుకి రెండు చేసినా ఆరు నెలలు. నీ పిల్లలకి అన్నం ఎవరు పెడతారు? వాటిలో ఎక్కువ భాగం పాత రికార్డింగులు దాచే సైటు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఇప్పటికే ఉంటాయి. 2002లో ఈట్రీ అనే టేపు బృందంతో కలిసి వాళ్లు లైవ్ మ్యూజిక్ విభాగం పెట్టారు. తేదీ కొట్టి చూడు, ఒక్కో రాత్రికి నాలుగైదు రికార్డింగులు వేరువేరు మైకులతో కనబడతాయి. 1977 మే 8న కార్నెల్ యూనివర్సిటీ బార్టన్ హాల్లో చేసింది ఉందనుకో, దాని నాలుగో తరం కాపీ ఎవడికీ అక్కర్లేదు. దాన్ని అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ల జాతీయ రికార్డింగుల జాబితాలోకే తీసుకున్నారు, 2017లో కంపెనీ డిస్కు కూడా వచ్చింది. మీ ఎడిసన్‌కి దగ్గర్లోనే ఇంగ్లీష్‌టౌన్ రేస్ ట్రాక్‌లో 1977 సెప్టెంబరు 3న చేశారు, లక్ష దాటి జనం. అదీ అంతే, ఎక్కడ చూసినా దొరుకుతుంది. వాటిని విను, ఆనందించు, పెట్టెలో పెట్టెయ్. నీ చెమట అంతా ఎర్ర నక్షత్రాల మీద పెట్టు. ఆయన నించున్న చోట, ఆయన మైకులతో, ఆ రాత్రి తీసింది ప్రపంచంలో అదొక్కటే ఉండొచ్చు.

నా సంగతి చెబుతాను. 1990లో ఫిలడెల్ఫియాలో ఎంఎస్ చేస్తున్నాను. రూమ్మేట్ ఒక అమెరికన్ కుర్రాడు, వాడూ టేపరే. సెప్టెంబరులో స్పెక్ట్రమ్‌లో మూడు రాత్రుల కచేరీలు. కీబోర్డు వాయించే బ్రెంట్ మిడ్‌లాండ్ పోయి ఇంకా రెండు నెలలు కాలేదు, కొత్తాయన కూర్చుంటాడు, అందుకని వాడికి ఒకటే ఆరాటం. స్టాండు మోయడానికి మనిషి కావాలని నన్ను లాక్కెళ్లాడు. 1984 చివర్లోనే బ్యాండ్ వాళ్లు టేపర్లకని మిక్సింగ్ బల్ల వెనక విడిగా జాగా ఇచ్చారు. అంతకుముందు వీళ్లు ముందు వరసల్లో మైకు స్టాండ్లు పాతేసి, వెనకవాళ్లకి స్టేజీ కనబడకుండా చేసేవారట. మా చుట్టూ జొన్నచేలా స్టాండ్లు, ఒక్కోటి పన్నెండడుగులు. రూలు ఒకటే: మైకు కింద మాట్లాడకూడదు, ఈల వేయకూడదు, చప్పట్లు కొట్టకూడదు. తెనాలిలో మొదటాటకి కాగితాలు ఎగరేసి పెరిగిన వాడికి ఇంతకంటే శిక్ష ఏముంటుంది చెప్పు.

90 నిమిషాల క్యాసెట్ అంటే వైపుకి 45. రెండో సెట్ (కచేరీ రెండో సగం) మధ్యలో ఇద్దరు డ్రమ్మర్లూ ఒక్కళ్లే ఉండి మోగిస్తారు, మన తని ఆవర్తనం లాంటిది. క్యాసెట్ తిప్పేది అప్పుడే. మిగతా జనం బాత్రూములకి పరిగెత్తే సమయంలో టేపర్లందరూ టార్చిలైట్లు నోట కరుచుకుని వంగుంటారు. నాకు మాత్రం అదే ఇష్టంగా ఉండేది. ఆ ఇద్దరిలో మికీ హార్ట్ మన జాకిర్ హుస్సేన్‌తో కలిసి 1976లోనే డిగా రిథమ్ బ్యాండ్ అని ఆల్బమ్ చేశాడు, ఆ తాళాల మీద ఆసక్తి వాయించే తీరులో తెలిసిపోయేది. రెండో రాత్రి ఆ డ్రమ్స్ నెమ్మదించి అంతా నిశ్శబ్దమైన చోట, పక్కనున్న మా ల్యాబ్ కుర్రాడితో నేను "ఒరేయ్, ఆకలేస్తోందిరా" అన్నాను. చాలా చిన్నగానే అన్నాననుకున్నా. ఏళ్ల తర్వాత ఆ టేపు చేతులు మారి మారి నాకే ఇంకెవరి దగ్గర్నుంచో వచ్చింది. అట్ట మీద ఎవరో ఓపిగ్గా రాశారు: రెండో సెట్‌లో ఏదో విదేశీ భాషలో మాటలు.

ఇంక మార్పిడి ఎలా జరిగేదంటే, నేను రెండు ఖాళీ క్యాసెట్లూ తిరుగు కవరూ దాని మీద స్టాంపులూ పంపిస్తే, అవతలివాడు కాపీ చేసి పంపేవాడు. వాడికి మిగిలేది నా థాంక్సే. కొత్తగా చేరినవాళ్లకి ఇచ్చేందుకేమీ ఉండదు కదా, అందుకని ఈ పద్ధతి. మనుషుల్ని యూనివర్సిటీ కంప్యూటర్లలో నడిచే చర్చావేదిక యూజ్‌నెట్‌లో పట్టుకునేవాళ్లం. "చెట్టు" అని ఇంకోటుండేది. మంచి కాపీ ఉన్నవాడు వేరు. వాడు అయిదుగురికి, ఆ అయిదుగురు తలా అయిదుగురికి, అలా కొమ్మలూ ఆకులూ. ఎవరూ ఎవర్నీ చూసింది లేదు, డబ్బు మాట లేదు. అందుకే అమ్మొద్దన్నాను. మీ పక్కింటాయన దగ్గరున్నవి కూడా అలా వచ్చినవే. వాటికి రేటు కట్టడం అంటే గుడి ప్రసాదాన్ని బజార్లో తూకం వేయడం లాంటిది, నాకు మింగుడు పడదు.

ఇంకో భయం కూడా ఉంది. బ్యాండ్‌లో రికార్డింగు చేసిన బెట్టీ కాంటర్-జాక్సన్ గారి టేపులు గోడౌన్‌లో ఉండి, అద్దె కట్టలేక 1986లో వేలానికి వెళ్లిపోయాయి. కార్నెల్ రాత్రి బయటికొచ్చింది ఆ పెట్టెల్లోంచే. కొన్నవాళ్లలో కొందరు కాపీలు పంచారు, కొన్ని పెట్టెలు మాత్రం ఏళ్ల తరబడి చెమ్మలో పడున్నాయి. పెట్టె ఎవరి చేతికి పోతుందో మన చేతిలో ఉండదు.

ఎక్కించేటప్పుడు, అట్ట మీద డాల్బీ (రొద తగ్గించే పద్ధతి) అని రాసి ఉంటేనే డాల్బీ నొక్కు, లేకపోతే ఆపెయ్. నేను కుర్రతనంలో నొక్కి ఉంచి ముప్పై క్యాసెట్లు కంబళి కప్పినట్టు చేశాను. రికార్డింగు నాణ్యత 24 బిట్, 48 లేదా 96 కిలోహెర్ట్జ్ పెట్టు. నాణ్యత పోని ఫ్లాక్ ఫార్మాట్‌లో దాచు, ఎంపీ3 వద్దు. రొద తీసేస్తానని సాఫ్ట్‌వేర్‌తో గీకకు, రొదతో పాటు తాళాలు కూడా పోతాయి. అట్ట రెండువైపులా ఫోటో తీయి. ప్రతి కచేరీకి ఒక చిన్న టెక్స్ట్ ఫైలు: తేదీ, హాలు, మైకు, రికార్డరు, ఏ డెక్‌లో ఆడించావు, కంప్యూటర్లోకి దేని ద్వారా వెళ్లింది. తెలియనిది తెలియదని రాయి. మాలో పాట ఎంత బాగున్నా ఈ కాగితం లేకపోతే సగం మంది ముట్టుకోరు.

ఆఖరిది. కచేరీ అయిపోయిందని టేపు ఆపేయకు. 45వ నిమిషం దాకా ఆడనివ్వు. ఆ రోజుల్లో మా అమ్మకి ఉత్తరం రాసే ఓపిక లేక క్యాసెట్‌లో మాట్లాడి పంపేది. 1991 చలికాలంలో ఒక రాత్రి కాపీ చేస్తుంటే ఖాళీ క్యాసెట్లు అయిపోయాయి. బయట మంచు, షాపులు మూసేశారు, టేపు పొద్దున్నకల్లా అవతలివాడికి పోస్టు చేయాలి. అమ్మ క్యాసెట్ రెండుసార్లు విన్నానుగా అని దాని మీదే తీసేశాను. కచేరీ ముప్పై ఎనిమిదో నిమిషంలో అయిపోతుంది. జనం అరుపులు తగ్గుతాయి, టప్‌మని ఒక చప్పుడు, వెంటనే మా అమ్మ గొంతు సగం మాటలోంచి: "... ఆ గేదె ఈనింది నాన్నా, దూడ చచ్చి బతికింది. మీ నాన్నకి జున్నంటే చెప్పక్కర్లేదుగా." అలా ఏడు నిమిషాలు. అమ్మ 2003లో పోయింది. ఇప్పుడు మా ఇంట్లో ఆమె గొంతు ఉన్నది ఆ ఏడు నిమిషాలే. మిగతా 83 నిమిషాల మీద డెడ్ వాళ్లున్నారు. ఆ రాత్రి బాగా వాయించారు కూడా కాదు.


లా పాయింటు:

అడుగుతున్నానని తిట్టకండి. కచేరీని టేపు చేసి ఊరంతా పంచడం పైరసీ కాదా? మనవాళ్లు థియేటర్లో ఫోనుతో సినిమా తీస్తే లోపలేస్తారు. రాక్ పేరు పెట్టి ఇక్కడ మాత్రం తప్పు ఒప్పు అయిపోతుందా?


తెనాలి బాబాయ్:

మంచి ప్రశ్నే. తప్పా ఒప్పా అన్నది వాయించినవాడు ఒప్పుకున్నాడా లేదా అన్నదాని మీద ఉంది. డెడ్ వాళ్లు ఒప్పుకున్నారు. మేం వాయించేశాక అది మీదే అన్న ధోరణి గార్షియాది. షరతు ఒక్కటే, అమ్మకూడదు. ఫిష్ అనే బ్యాండ్ వాళ్లూ ఇదే పద్ధతి పెట్టారు. మెటాలికా బ్యాండ్ కూడా కొన్నాళ్లు టేపర్లకి జాగా ఇచ్చింది. ఒప్పుకోని వాళ్లవి మా సైట్లలో ఎక్కించరు, అడిగినా తీసేస్తారు.

ఒప్పుకోని వాళ్లు ఎలా ఉండేవారో కూడా విను. లెడ్ జెప్లిన్ అనే బ్యాండ్ మేనేజరు పీటర్ గ్రాంట్ కొండంత మనిషి. 1971లో వాంకూవర్‌లో ఒకాయన ఏదో యంత్రం పట్టుకుని నించుంటే దొంగ టేపు అనుకుని దాన్ని పిండి చేశాడు. తీరా చూస్తే ఆయన చప్పుడు ఎంత ఉందో కొలవడానికొచ్చిన సర్కారు మనిషి. అయినా జనం ఆగారా? లాస్ ఏంజెలెస్‌లో మైక్ మిలార్డ్ అనే ఆయన చక్రాల కుర్చీలో కూర్చుని, రికార్డరు కింద దాచుకుని లోపలికి వెళ్లేవాడు. నడవలేక కాదు, మిషన్ బరువు దాచడానికి. అదీ తప్పే, కాదనను. ఆయన 1977లో తీసిన జెప్లిన్ టేపులంత బాగా ఆ బ్యాండ్‌ని జనంలోంచి ఎవరూ తీయలేదని కూడా అంటాను. రెండూ నిజమే, నేనేం చేయను.

డెడ్ వాళ్ల దగ్గరైనా గొడవలు లేకపోలేదు. 2005 నవంబరులో ఆర్కైవ్ నుంచి డౌన్‌లోడ్లు తీసేయించారు. అభిమానులు గగ్గోలు పెట్టారు. చివరికి ఆడియన్స్ రికార్డింగులు డౌన్‌లోడ్‌కి వదిలి, సౌండ్‌బోర్డులు అక్కడే వినేలా ఉంచారు. ఇప్పటికీ అంతే. కాబట్టి కొల్లిపర అమ్మాయి ఎర్ర నక్షత్రాలకి ఏ ఇబ్బందీ లేదు, అవి ఆడియన్స్ టేపులే.


కొల్లిపర అమ్మాయి:

బాబాయ్ గారూ, డాక్టర్ గారూ, అయిదు వారాలైంది, జవాబు ఆలస్యమైనందుకు ఏమనుకోకండి. 400 డాలర్లాయనకి ఆ రాత్రే చెప్పేశాను. ఆయన 550 అన్నాడు. మావారు నా వైపు చూశారు. నేను చూడలేదు.

నక్షత్రాలున్నవి 46. బాబాయ్ గారు చెప్పినట్టే అన్నీ ఇటువైపు ఊళ్లే. అట్ట వెనక నకమిచి మైకు అనీ సోనీ డి5 రికార్డరు అనీ రాసి ఉంది. నాలుగు డబ్బాల్లో టికెట్టు ముక్కలున్నాయి. ఆర్కైవ్‌లో తేదీలు చూస్తే, అవే రాత్రులు వేరేవాళ్లు తీసినవి ఉన్నాయి గానీ ఈ మైకు, ఈ రికార్డరు జంటతో ఒక్కటి లేదు. అంటే ఆయన ఎవరికీ ఇవ్వలేదా, ఇస్తే ఎక్కడ పోయాయి? వాళ్లమ్మాయిని ఫోన్లో అడిగాను. "మా నాన్న అందరి దగ్గరా తెచ్చుకునేవాడు, తనవి మాత్రం బాగా రాలేదని సిగ్గుపడేవాడు" అంది. నాకైతే బాగానే ఉన్నాయి. వాటిని పంచడానికి ఆ అమ్మాయి సరేనంది, నాన్న పేరు మాత్రం వేయొద్దంది. టెక్స్ట్ ఫైల్లో "ఎడిసన్ దగ్గరి ఒక పోస్టల్ ఉద్యోగి" అని రాస్తున్నాను. అలా రాస్తే తీసుకుంటారా బాబాయ్ గారూ?

డెక్ మా ఆఫీసులో ఒకాయన ఇచ్చారు, ఒకవైపే ఆడేది. స్క్రూ తిప్పడానికి మొదటిరోజు చెయ్యి వణికింది. ఒక వెంట్రుకవాసి తిప్పేసరికి, అప్పటిదాకా దుప్పట్లోంచి వస్తున్నట్టున్న తాళాలు ఒక్కసారి గదిలోకొచ్చాయి. హోంవర్కు చేసుకుంటున్న మా పెద్దాడు తలెత్తి, "ఏం చేశావమ్మా?" అని అడిగాడు. డాక్టర్ గారూ, మీకు రెండు చేతులా దండం. స్పంజి ఊడినవి ఆరు వచ్చాయి. ఒకదాన్ని విప్పితే టేపు మొత్తం ఒళ్లోకి జారింది, పెన్సిలు పెట్టి గంటసేపు చుట్టుకున్నాను.

ప్రతిదీ చివరిదాకా ఆడనిస్తున్నాను. పంతొమ్మిది అయ్యాయి. మీ అమ్మగారి కథ చదివాక ప్రతిసారీ 40వ నిమిషం దగ్గర పని ఆపేసి వచ్చి కూర్చుంటున్నా. ఇప్పటిదాకా దొరికింది ఒక్కటే, 1988 టేపు చివర తొమ్మిది నిమిషాల బేస్‌బాల్ కామెంటరీ. వాళ్లమ్మాయికి చెబితే పగలబడి నవ్వింది, వాళ్ల నాన్నకి బేస్‌బాల్ అంటే పడదట.

రేపు 1987 సెప్టెంబరు మాడిసన్ స్క్వేర్ గార్డెన్ మొదలుపెడుతున్నాను, మూడు రాత్రులవి, ఆరు క్యాసెట్లు. మొదటి దాని మీద డాల్బీ అన్న మాట రాసి కొట్టేసి ఉంది. నొక్కాలా వద్దా?


తెనాలి బాబాయ్:

అలాగే రాయమ్మా, ఎందుకు తీసుకోరు. డాల్బీ సంగతి, రెండు రకాలుగానూ ఒక్కో నిమిషం విను. నొక్కినప్పుడు చప్పట్లు చేతులతో కొట్టినట్టు కాకుండా దిండు మీద కొట్టినట్టుంటే వద్దు. కొట్టేశాడంటే తర్వాత గుర్తొచ్చి దిద్దుకున్నాడని నా అనుమానం.